బారిక కేక వెయ్యని పండగ

మా అమ్మాయి పేపరు చదువు చదివిన రెండేళ్ళలో మా ఇద్దరికీ ఒకే విషయం మీద తగువు వచ్చేది. ఏదైనా చెప్పేటప్పుడు అసలు మాట ముందు చెప్పాలా, చివర చెప్పాలా అని.

విశాఖలో పెద్ద యూనివర్సిటీలో జర్నలిజం చదివేది. సాయంత్రం హాస్టల్ నుంచి ఫోన్ చేసేది. మా ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. కాఫీ తోట పైన ఒక బండ ఉంది, దాని మీదికి ఎక్కితే వస్తుంది. నేను ముందే వెళ్ళి బండ మీద కూర్చుని ఉండేదాన్ని. ఒకసారి మా ఆవు నెలలు నిండి ఉంది. ఆ కబురు చెబుతూ, పొద్దున్నే లేచాను, పొయ్యి ముట్టించాను, ముట్టిస్తుంటే కుక్క మొరిగింది, ఎవరా అని చూస్తే పక్కింటావిడ చేట కోసం వచ్చింది, అని నా దారిన నేను పోతుంటే మధ్యలో ఆపేసింది.

"అమ్మా, ఆవు ఈనిందా లేదా?"

"సెప్తన్నాను కదే. ఆవిడికి చేట ఇచ్చి..."

"ఈనిందా?"

"ఈనింది."

"అదే ముందు సెప్పాలి. ఆవు ఈనింది, పెయ్య పుట్టింది, రెండూ బాగున్నాయి. కుక్కా, చేటా తరవాత. మా సార్ అలగే సెప్పినారు. పేపర్లో చోటు సాలకపోతే కిందనుంచి కోసేత్తారంట. అసలు మాట కింద పెడితే అదే పోద్ది."

"అన్నీ ముందే సెప్పేత్తే నా దగ్గర ఎవులు కూకుంటారే?"

అవతల పక్కనున్న పిల్లలు కూడా నవ్వడం వినిపించేది. ఫోను పెద్దగా పెట్టి నా కబుర్లు గదిలో అందరికీ వినిపించేదని తరవాత తెలిసింది.

నేను ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి దాకా చదివాను. తరవాత అమ్మకు ఒంట్లో బాగోక ఇంటికి వచ్చేశాను. కూడబలుక్కుని చదువుతాను, మెల్లగా రాస్తాను. కబుర్లు మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మా నాన్న మా పుట్టింటి ఊరికి బారిక. ఊరి కబురు కేకేసి చెప్పే మనిషిని మా కొండల్లో బారిక అంటాం. పండగ ఎప్పుడు, పెద్దలు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎవరింట్లో మైల, దేవతకు ఎవరెవరు ఏమేం తేవాలి, అన్నీ ఆయన నోటినుంచే ఊరికి తెలియాలి. ఆయన కేక వేసేదాకా అది ఒకరిద్దరు అనుకున్న మాట. కేక వేశాకే కబురు.

అరకులో డిగ్రీ అయ్యాక మా అమ్మాయిని అందరూ బీఈడీ చెయ్యమన్నారు. ఇది పేపరు చదువు అంది. ఆ చదువు ఏమిటో ఎవరికీ చెప్పలేకపోయాను. ఇప్పుడు మా ఊరి బారిక, మాకు మామ వరస. ఆయనే ఒకరోజు మా అరుగు మీద కూర్చుని అమ్మాయిని అడిగాడు.

"పేపరు సదువంటే ఏటే గుంటా?"

"ఊళ్ళో ఏటైందో తెలుసుకుని అందరికీ సెప్పడం, తాతా."

"అది నా పనే కదేటి? దానికి రెండేళ్ళు సదవాలా?"

"నువ్వెన్నేళ్ళు నేర్సుకున్నావు?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇంకా నేర్సుకుంటన్నాను" అన్నాడు. అయితే రెండేళ్ళు తక్కువే అని మా ఆయన తేల్చేశాడు. ఆయన రోజుకు మాట్లాడే నాలుగు మాటల్లో ఒకటి అలా ఖర్చయిపోయింది.

సీటు వచ్చాక కాగితాలు చూపించడానికి నేనే వెంట వెళ్ళాను. బస్సు దిగి యూనివర్సిటీ గేటు దాటాక, లోపలికి నడుస్తూనే ఉన్నాం. లోపలే పోస్టాఫీసు, లోపలే బ్యాంకు, లోపలే ఆస్పత్రి. మా పంచాయతీలోని ఊళ్ళన్నీ తెచ్చి దించినా ఇంకా ఆవులు మేపుకోవడానికి జాగా మిగులుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా చెట్ల మధ్య నుంచి సముద్రం కనబడేది. నేను అక్కడ ఆగిపోవడం, ఇది "బేగి రామ్మా, టైమైపోతంది" అనడం.

డిపార్టుమెంటు వసారా గోడల మీద పాత పత్రికలు అద్దాల్లో బిగించి ఉన్నాయి. వరసలో నిలబడ్డాం. కాగితాలు చూస్తున్న సార్ కళ్ళజోడు పైకి తోసి నన్ను అడిగారు, అమ్మాయి ఈ చదువే ఎందుకు ఎంచుకుందమ్మా అని. ఆ ప్రశ్న దాన్ని అడగాలి, నన్ను అడిగారు. నాకు తోచింది చెప్పాను. "మా నాన్న బారికండి" అన్నాను. బారిక అంటే ఏమిటన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. మా నాన్న వీధి మొదట్లో ఎలా నిలబడేవాడో, కర్ర ఏ చేతిలో ఉండేదో, వాన పడుతున్నప్పుడు గొంతు ఎలా మార్చేవాడో అన్నీ చెప్పాను. వెనక వరసలో పిల్లలు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. అమ్మాయి నా చీర కొంగు రెండుసార్లు లాగింది. సార్ మాత్రం పెన్ను కింద పెట్టేసి విన్నారు.

మొదటి ఏడు దానికి కష్టంగానే గడిచింది. తరగతిలో శ్రీకాకుళం పిల్లలు, రాజమండ్రి పిల్లలు, విశాఖలోనే పుట్టినవాళ్ళు. ఇంగ్లీషు పేపరు పొద్దున్నే లైబ్రరీలో కూర్చుని పైకి చదువుకునేదట, పక్కవాళ్ళు విసుక్కుంటే మెట్ల మీదికి పోయి చదివేదట. ఎవరినైనా పలకరించి ప్రశ్న అడగాలంటే భయం. హాస్టల్ ఎదుట టీ అమ్మే ఆయన గురించి మొదటి వార్త రాసింది. అది ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. ప్రతి వాక్యం పక్కనా ఒకటే మాట రాసి ఉందట. ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారు?

"నాను కళ్ళతో సూసింది కూడా ఎవులు సెప్పినారు అంటే ఏటనాలి అమ్మా?" అని ఫోన్‌లో ముక్కు చీదింది.

"మా నాయన కూడా అదే ముందు సెప్పేవోడే. పెద్దలు పంపినారు, నాను వొచ్చినాను అని. అది సెప్పకుండా కబురు సెబితే నువ్వెవులు సెప్పడానికి అంటారు."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ రోజునుంచి నామీదే పాఠాలు అభ్యాసం చేసేది. చింతపండు ఎప్పుడు కొడతారు, ఎవరు కొడతారు, ఎందుకు కొడతారు అని అడిగేది. అన్నీ దానికి తెలిసినవే. తెలియనట్టు అడగడం కూడా పాఠమేనట.

రెండో ఏడు చివర ప్రతి ఒక్కరూ తమ ప్రాంతం మీద ఒక పెద్ద కథనం రాసి ఇవ్వాలి. అది లేకపోతే చదువు పూర్తయినట్టు కాదు. మా అమ్మాయి మామిడి కొత్త మీద రాస్తానంది.

మా దగ్గర ఏ పంటయినా, ఏ కాయయినా ముందు జాకర దేవతకూ, ఇంట్లో పోయిన పెద్దలకూ పెట్టాలి, ఊరంతా కలిసి పెట్టాలి. తరవాతే నోట్లో పెట్టుకోవాలి. దాన్ని కొత్త తినడం అంటాం. మామిడికి ఒక కొత్త, సామకు ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త. మామిడి కొత్త అయ్యేదాకా చెట్టు కింద రాలిన కాయనైనా మేం కొరకం. చుట్టాలను పిలుచుకుని చేసుకునే పండగ అది.

ఉగాది సెలవులకు వచ్చి మా దిసారి తాత దగ్గర కూర్చుంది. నక్షత్రాలు చూసి మంచి రోజులు లెక్కగట్టే పెద్దాయనను దిసారి అంటాం. ఆయన మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుంది. రెండు పూటలు కూర్చున్నారు. ఆయనకు అంత వినే మనిషి దొరక్క చాలా రోజులైంది. వెళ్ళేటప్పుడు పిడికెడు పిప్పళ్ళు కూడా ఇచ్చాడు, పట్నంలో దగ్గు వస్తుందని.

ఆ డిపార్టుమెంటులో పిల్లలే వార్తలు రాసి, వాళ్ళే పేజీలు పెట్టి అచ్చువేసే చిన్న పత్రిక ఒకటి ఉంది, ల్యాబ్ జర్నల్ అంటారు. పెద్ద కథనం కంటే ముందు అందులో ఒక చిన్న వార్త వేసింది. దిసారి తాత ఫొటో, కింద దీని పేరు. ఆ పేజీ ఫోన్‌కు పంపింది. నేను బండ మీద దింపుకుని, ఫోను పట్టుకుని ఊరంతా తిరిగాను. అందరూ ఫొటోనే చూశారు. తాత ముక్కు అచ్చం అలాగే పడిందన్నారు. ఆ తలపాగా ఎప్పుడు కొన్నాడన్నారు. తాతే ఫోను దగ్గరగా పెట్టుకుని తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు. అక్షరాలు ఎవరూ చదవలేదు.

నేను చదివాను. రెండు రోజులు పట్టింది, కానీ చదివాను. మొదటి వాక్యంలోనే ఉంది, మామిడి కొత్త వచ్చే శుక్రవారం అని, దిసారి చెప్పారని. చదివి ఒక్క నిమిషం ఆగాను. బారిక ఇంకా కేక వెయ్యలేదు కదా అనుకున్నాను. మళ్ళీ, పేపరు వేరు కదా, యూనివర్సిటీ వాళ్ళు చూడకుండా వేస్తారా అనుకున్నాను. ఫొటో బాగుందని చుట్టాలందరికీ కూడా పంపేశాను.

గురువారం మధ్యాహ్నం వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్నాను. ఊళ్ళో సగంమంది మిరియాల పనిలో ఉన్నారు. కింద రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడు, దాని వెనక రెండు ఆటోలు. పెదబయలు వైపునుంచి మా అక్క, బావ, అక్క తోడికోడళ్ళు, పిల్లలు. మా ఇంటికే పదకొండుమంది దిగారు. తక్కినవాళ్ళు ఎవరి చుట్టాల ఇంటికి వాళ్ళు నడిచారు. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. మా అక్క తలలో పూలు కూడా పెట్టుకుంది. నా చేతులేమో మోచేతుల దాకా చింతపండు.

బావ వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఏటి మరదలా, పండగ ఊరు ఇలగుంది? డప్పు లేదు, అలుకు లేదు, నువ్వు సూత్తే ఇలగున్నావు."

"ఏ పండగ బావా?"

"నన్నడుగుతావేటి? నువ్వే పంపినావు కదా పేపరు! రేపే కొత్త అని. దిసారి బొమ్మ ఏసి మరీ పంపినావు."

చింతపండు చేతులతోనే లేచి నిలబడ్డాను. ఈలోగా బావ మాట్లాడుతూనే మా పెరటి మామిడి కొమ్మ వంచి ఒక కాయను పట్టుకున్నాడు.

"బావా! ముట్టుకోకు!"

నా కేకకు కోళ్ళు ఎగిరాయి. బావ ఆ కాయను వేడి గిన్నెను వదిలినట్టు వదిలేశాడు. అప్పటికి దారిలో వెళ్తున్న బారిక మామ వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. జీపును చూశాడు, ఆటోలను చూశాడు, మా అక్క తలలో పూలను చూశాడు.

"నాను కేకెయ్యలేదే" అన్నాడు మెల్లగా.

వచ్చిన చుట్టాన్ని తినకుండా పంపడం మా దగ్గర లేదు. మామిడి పెట్టడానికి వీల్లేదు. చుట్టూ ఏ చెట్టు చూసినా విరగకాసి ఉంది, ఆ చెట్ల నీడలోనే అందరికీ చాపలు వేశాను. పనసకాయ కొట్టి కూర వండాను, సామ బియ్యం వార్చాను, మా ఆయన చెరువు చేప ఎవరినో అడిగి తెచ్చాడు. చోడి అంబలి రెండు కుండలు. బావ నోరు మాత్రం ఆగలేదు. "ఉన్న ఒక్క మంచి పంచె ఉతికించుకుని వొచ్చినాను. నీ కూతురు పై వారం ఏ పండగ అచ్చేయిత్తాదో ముందే సెప్పమను, అది ఆరబెట్టుకోవాలి." డప్పు మాత్రం ముట్టనివ్వలేదు బారిక మామ. డప్పు మోగితే పై ఊరివాళ్ళు కూడా దిగుతారని ఆయన భయం. అంతమంది చుట్టాలు ఉండి కూడా ఊరు గుసగుసగా ఉంది. మర్నాడంతా వాళ్ళే కూర్చుని నా చింతపండు మొత్తం కొట్టి పెట్టారు. మా అక్క వెళ్తూ, పండగకు వస్తే ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదంది. దాని సంచిలో అందులోంచే రెండు ముద్దలు పెట్టాను.

అమ్మాయికి గురువారమే బండ ఎక్కి ఫోన్ చేశాను. ఈసారి అసలు మాట ముందు చెప్పాను. "పండగ అచ్చేసినావు, సుట్టాలొచ్చేసినారు" అన్నాను. శుక్రవారం మొదటి బస్సుకే వచ్చింది. బస్సులో ఏడ్చినట్టుంది, ముఖం కడుక్కున్నా తెలుస్తోంది.

జాకర దేవత రాళ్ళ దగ్గర పెద్దలు కూర్చున్నారు. దిసారి తాత అటు తిరిగి కూర్చున్నాడు. అమ్మాయి ఆయన ఎదురుగా నిలబడింది.

"తాతా, నువ్వే సెప్పినావు కదా శుక్రవారం అని."

"నాను లెక్క సెప్పినాను. కబురు సెప్పలేదు."

"రికార్డింగ్ ఉంది తాతా" అని ఫోను తీసింది. అందరూ ముందుకు వంగారు. ఫోన్లోంచి తాత గొంతు వచ్చింది. "ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం బాగుంది. నచ్చత్రం బాగుంది." చూశారా అన్నట్టు అమ్మాయి తలెత్తింది. ఫోను ఆపలేదు, మరిచిపోయింది. తాత గొంతు ఇంకా పోతోంది. దగ్గాడు. చుట్ట ముట్టించుకున్న చప్పుడు. తన చిన్నప్పుడు కాసిన కాపు గురించి ఏదో చెప్పాడు. తరవాత, చివర, "అయితే ఊరోళ్ళు కూకోవాల మరి. పై గూడెంలో ముసల్ది పోయింది, ఆ మైల తీరాల. తీరకుండా ఏ శుక్రవారమూ లేదు" అన్నాడు.

మా అమ్మాయి ఫోను వైపే చూస్తోంది.

"ఇదంతా నాను వినలేదు. శుక్రవారం అనగానే రాసేసుకున్నాను. ఆ తరవాత కబుర్లని వొదిలేసినాను" అంది.

బారిక మామ కర్ర నేల మీద మెల్లగా ఆడించాడు. "పెద్దోళ్ళ మాటకి బరువు సివర్న ఉంటాది గుంటా. మీ అమ్మని సూడు, ఆవు ఈనిందని సెప్పడానికి కుక్క కాడినుంచి వత్తాది."

అందరూ నవ్వారు. అది నవ్వలేదు, నేనూ నవ్వలేదు. పెద్దలు తప్పు వేశారు, ఒక కోడి, ఒక కుండ జీలుగు కల్లు. అది ఎలాగూ అందరూ కలిసి తినేదే, దానికి ఎవరూ బాధపడలేదు. దిసారి తాత లేస్తూ అన్న మాటే అమ్మాయిని కూలదోసింది. "ఇకన దీనికి నా నోట మాట రాదు. ఎవులూ ఏటీ సెప్పకండి." పెద్దలు ఊఁ అన్నారు.

అంటే పెద్ద కథనం లేదు. ఇంకో నెలలో ఇవ్వాలి. వేరే విషయం రాసుకోవచ్చు అని సార్ ఫోన్‌లో అన్నారట. తప్పు సవరించి అదే పేజీలో, అదే చోట వేస్తామని కూడా చెప్పారట. కానీ ఇది ఇంట్లో స్తంభానికి ఆనుకుని, "మన ఊరోళ్ళే నాకు సెప్పకపోతే ఇంకెవులు సెప్తారమ్మా" అంది.

వాళ్ళ నాన్న కత్తి నూరుకుంటూ అన్నాడు. "కల్లు నాను తెత్తాను. కోడి మీ అమ్మది. నోరు నీది. అది ఎల్లి సరిసేసుకో."

సవరణ పేపర్లో వేస్తే మా వైపు ఎవరు చదువుతారు? ముందటిది కూడా చదివినవాళ్ళు తక్కువే, ఒకరినుంచి ఒకరికి మాటగా పోయింది. మాటగానే వెనక్కి తేవాలి. మర్నాడు పొద్దున్న బారిక మామతో బయల్దేరింది, నేనూ వెంట నడిచాను. నాలుగు గూడేలు తిరిగాం. నడకలో మామతో నా తప్పు కూడా చెప్పేశాను, నేను శుక్రవారం అని చదివి కూడా ఊరుకున్నానని.

"తెలుసు. ఫోనట్టుకుని ఊరంతా తిరిగింది నువ్వే కదేటి. బారిక కూతురివి, నీకే తప్పెయ్యాల" అన్నాడు. కానీ వెయ్యలేదు. నా కోడి అప్పటికే పోయింది కదా.

అందరికీ తెలియాలంటే సంత కావాలి. డుంబ్రిగుడ సంతకు పది ఊళ్ళవాళ్ళు వస్తారు. ఎండు చేపలు అమ్మే వరస దగ్గర, నలుగురూ తప్పనిసరిగా ఆగే చోట, మామ దాన్ని నిలబెట్టాడు. తను కేక వెయ్యలేదు. "నువ్వే" అన్నాడు. యూనివర్సిటీలో మైకు పట్టుకుని మాట్లాడిన పిల్ల, ఎండు చేపల ముందు నోరు పెగల్చలేకపోయింది.

"ఎవులు పంపినారో ముందు సెప్పు" అన్నాడు మామ.

"మా ఊరి పెద్దలు పంపినారు, నాను వొచ్చినాను" అని మొదలుపెట్టింది. "మామిడి కొత్త శుక్రవారం అని పేపర్లో రాసింది నానే. అది తప్పు. రోజు ఇంకా పెద్దలు పెట్టలేదు. పెట్టినాక బారిక తాత కేకేత్తాడు. అప్పటిదాకా ఎవులూ రాకండి."

చేపలమ్మే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మా, నువ్వేనేటి పేపరు గుంటవి? మా ఆడపడుచు కొత్త గాజులేసుకుని మీ ఊరికొచ్చి చింతపిక్కలు తీసొచ్చిందంట!" అంది. చుట్టూ ఒకటే నవ్వు. అమ్మాయి తలొంచుకోలేదు. "ఆ గాజులు పగిలిపోనాయా అత్తా?" అంది. "నేదు, ఉన్నాయిలే" అంది ఆవిడ. "అయితే అసలు పండక్కి మళ్ళీ ఏసుకుని రమ్మను." ఆవిడ నవ్వి, గుప్పెడు చేపలు ఆకులో చుట్టి దాని చేతిలో పెట్టింది.

మామ పని అప్పటికీ అవలేదు. బారిక కబురు చెప్పాక విన్నవాళ్ళలో ఒకరిచేత తిరిగి చెప్పించుకోవాలి. ఒక ముసలావిడను పిలిచి, ఏం విన్నావు చెప్పు అవ్వా అన్నాడు. ఆవిడ ఎంతో నమ్మకంగా, "శుక్రవారం కొత్త అంట, పేపర్లో కూడా ఏసినారంట" అంది.

మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మూడోసారి "తప్పు" అన్న మాటను చివరికి మార్చి, అక్కడ ఆగి, ఆవిడ కళ్ళలోకి చూసి అంది. అప్పుడు ఆవిడ, "అయ్యో, రోజు పెట్టనేదు, తప్పంట" అని తిరిగి చెప్పింది. మామ తనలో తను నవ్వుకున్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు, వానలో గొంతు మార్చడం గుర్తొచ్చింది.

మైల తీరింది. పెద్దలు కూర్చున్నారు. అమ్మాయి అప్పుడు హాస్టల్‌కు వెళ్ళకుండా ఇంట్లోనే ఉంది. పెద్దలు కూర్చున్నారని తెలిసి కూడా అటువైపు పోలేదు, ఎవరినీ అడగలేదు, తలుపు దగ్గర కూర్చుని చింతపండు ముద్దలు కడుతోంది. సాయంత్రం ఎండ తగ్గుతుండగా వీధి మొదట్లో బారిక మామ కేక వినిపించింది. పెద్దలు పంపినారు, నాను వొచ్చినాను, బుధవారం మామిడి కొత్త. వీధి మధ్యలో మరోసారి, చివర మరోసారి. చివర మా ఇల్లే. కేక అయ్యాక మా వాకిట్లోకి వచ్చి, చెంబుడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఏటి విన్నావే?" అని అమ్మాయిని అడిగాడు.

"బుధవారం మామిడి కొత్త, తాతా. పెద్దలు పెట్టినారు, నువ్వు సెప్పినావు."

"ఇప్పుడు రాసుకో" అన్నాడు.

లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చుకుంది. చేతులకు చింతపండు ఉంది, ఆ పేజీ ఇప్పటికీ గోధుమ రంగుగానే ఉంది.

బుధవారం చుట్టాలందరూ మళ్ళీ వచ్చారు. బావ అదే పంచె కట్టుకున్నాడు. దేవతకు పెట్టి, పెద్దలకు పెట్టి, కాయలు కోసి పంచాక, డప్పుల మధ్యలోంచి దిసారి తాత మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. ఒక మామిడి ముక్క నోట్లో పెట్టుకుని, పులుపుకు ఒక కన్ను మూసుకుని, "ఫోను ఏదే?" అన్నాడు.

చీకటి పడేదాకా చెప్పాడు. తన తాత నాటి కొత్తలు, వాన ముందే వచ్చిన ఏడు ఏం చేశారో, నక్షత్రాన్ని ఏ కొండ మీదినుంచి చూడాలో. మధ్యలో దగ్గాడు, చుట్ట కోసం వెతుక్కున్నాడు, మా కుక్కను తిట్టాడు. అమ్మాయి ఏదీ ఆపలేదు. ఆయన లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, నన్ను పలకరించాడు, కంచె దాటాడు. కర్ర చప్పుడు దూరం పోయేదాకా ఫోను అరుగు మీద నడుస్తూనే ఉంది.

ఆ కథనంతోనే చదువు పూర్తయింది. ఇప్పుడు విశాఖలో ఒక పత్రికలో పనిచేస్తోంది, ఇంకా సాయంత్రం ఫోన్ చేస్తుంది. నేను బండ మీద కూర్చుని పొయ్యి ముట్టించిన దగ్గరనుంచి మొదలుపెడతాను. అది కుక్క దగ్గర ఆపదు, చేట దగ్గర ఆపదు. ఆవు దాకా వింటుంది.